స్పేసర్ జెల్ పెట్టాక నాన్నకి మోషన్ ఇబ్బంది, సీటీలో చీముగడ్డ అంటున్నారు, తెలిసినోళ్లు చెప్పండి

పేట కుర్రోడు (నరసన్నపేట దగ్గర)

అందరికీ నమస్కారం. ఎవర్ని అడగాలో తెలీక ఇక్కడ రాస్తున్నాను, కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి. మా నాన్నకి 69 ఏళ్లు. ప్రోస్టేట్ కేన్సర్, పీఎస్‌ఏ అని రక్తపరీక్ష 16 వచ్చింది, బయాప్సీలో గ్లీసన్ (కేన్సరు ఎంత జోరుగా పెరిగే రకమో చెప్పే అంకె) 4+3 అన్నారు, ఎముకలకి పాకలేదు. విశాఖలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో చూపిస్తున్నాం. హార్మోన్ ఇంజెక్షన్ మొదలెట్టీసారు, రేడియేషన్ 20 సిట్టింగులు అన్నారు. దానికి ముందు స్పేసర్ అని ఒక జెల్ ఉంది, ప్రోస్టేట్‌కీ వెనకాల పేగుకీ మధ్యలో సూదితో ఎక్కిస్తే పేగుకి రేడియేషన్ తక్కువ తగుల్తాది అని చెప్పి పోయిన వారం అది పెట్టారు, సాయంత్రానికి ఇంటికి పంపించీసారు.

ఇప్పుడు ఏటంటే, మోషన్ వస్తున్నట్టే ఉంటాదంట, వెళ్లి కూర్చుంటే ఏమీ రాదు, లేస్తే మళ్లీ అదే. రాత్రి నిద్ర లేదు. మొన్న జిగురు పడింది, దాంట్లో రక్తం చార కనిపించింది. ఆయనకి పైల్స్ పాతవే ఉన్నాయి కాబట్టి ఊళ్లో ఆర్‌ఎంపీ గారు పైల్స్ మందు రాసీసారు. మా బావ ఊరుకోక శ్రీకాకుళం తీసుకెళ్లి పొత్తికడుపు సీటీ తీయించాడు. రిపోర్టులో ప్రోస్టేట్‌కీ రెక్టమ్‌కీ (పెద్దపేగు చివరి భాగం) మధ్య ద్రవం చేరింది, చీముగడ్డ కావొచ్చు అని రాసుంది. అది చదివిన కాడ్నుంచి అమ్మ అన్నం ముట్టట్లేదు. ఇక్కడ చూసిన సర్జన్ గారు రేపు కొలనోస్కోపీ (మలద్వారంలోంచి గొట్టం పెట్టి పేగు చూడ్డం) చేసి చిన్న ముక్క తీసి టెస్టుకి పంపుదాం, అవసరమైతే సూది పెట్టి ఆ ద్రవం లాగీద్దాం అంటున్నారు. విశాఖలో మా డాక్టరు గారు సెలవంట, సోమవారం వస్తారంట. ఫోనెత్తిన సిస్టర్ గారేమో కొంచెం ఒత్తిడి ఉంటది మామూలే అని పెట్టీసారు.

జ్వరం లేదు, తింటున్నారు, మూత్రం బానే వస్తోంది. ఇది జెల్ వల్లేనా? రేపు కొలనోస్కోపీకి ఒప్పుకోవాలా? ఆ జెల్ వెనక్కి తీసీడానికి అవుద్దా?


నాగావళి గట్టు

తమ్ముడూ కంగారు పడకు ముందు. మా చిన్నమావయ్యకి పోయినేడు ఇదే జెల్ పెట్టారు. పాలకొండ నుంచి బస్సులో వెళ్లొచ్చేవాడు, ఆ సీట్లో కూర్చోలేక నిలబడే వచ్చేవాడు పాపం, కింద ఏదో ముద్ద అడ్డం పడ్డట్టు ఉందిరా అనేవాడు. రెండు వారాల్లో అదే తగ్గిపోయింది, రేడియేషన్ కూడా సాఫీగా అయిపోయింది. అయితే మావాడికి రక్తం పళ్లేదు, జిగురూ లేదు. కాబట్టి మీదీ మాదీ ఒకటే అని నేను చెప్పను. రక్తం సంగతి తెలిసినోళ్లే చెప్పాలి. ఇక్కడ విజయనగరం ఫిజిసిస్టు గారు ఉంటారు, ఆయన చూస్తే బాగుణ్ణు.


లైనాక్ బాబు (విజయనగరం)

చూశాను. నేను రేడియేషన్ విభాగంలో మెడికల్ ఫిజిసిస్టుని, అంటే డోసు లెక్కలు చూసేవాణ్ణి, డాక్టర్ని కాదు, మీ నాన్నగార్ని చూడలేదు, అది గుర్తుపెట్టుకుని చదవండి. ఒక్క మాట మాత్రం ముందే గట్టిగా చెప్తాను: రేపు సూది పెట్టి లాగడం, ముక్క తీయడం రెండూ ఆపించండి, విశాఖ ఆస్పత్రి వాళ్లతో ఈ సర్జన్ గారు మాట్లాడేదాకా. ఎందుకో చెప్తా.

ప్రోస్టేట్ వెనక గోడకీ రెక్టమ్ ముందు గోడకీ మధ్య దూరం కొన్ని మిల్లీమీటర్లే, పనసతొనకి పొర అతుక్కున్నట్టు ఉంటాయి రెండూ. ప్రోస్టేట్‌కి పూర్తి డోసు వెయ్యాలంటే రెక్టమ్ ముందు గోడకీ కొంత తగలక తప్పదు. అందుకని మలద్వారానికీ వృషణాలకీ మధ్యనుండే చర్మంలోంచి సూది పంపి, లోపల అల్ట్రాసౌండ్ ప్రోబు పెట్టి చూసుకుంటూ, ముందు సెలైన్ ఎక్కించి ఆ రెండిటినీ విడదీస్తారు, తర్వాత ఓ 10 మిల్లీలీటర్ల జెల్ వేస్తారు. ఎక్కువ వాడేది పాలీఇథిలీన్ గ్లైకాల్ రకం, స్పేస్‌ఓర్ అని, అమెరికాలో 2015లో అనుమతి వచ్చింది. రెండు ద్రవాలు లోపల కలిసి పది సెకన్లలో గట్టిపడిపోతుంది. దాంతో సెంటీమీటరు దాకా ఎడం వస్తుంది. మూడు నెలలు అలాగే ఉండి, ఆరు నెలలకల్లా కరిగి మూత్రంలో పోతుంది.

ఇప్పుడు మీ సీటీ సంగతి. ఆ జెల్లో ఎక్కువ భాగం నీళ్లే. మామూలు రకమైతే సీటీలో అచ్చం నీటిలాగే కనిపిస్తుంది. స్కాన్ చదివే ఆయనకి లోపల జెల్ ఉందని మీరు చెప్పకపోతే, ఫారంలో రాయకపోతే, ప్రోస్టేట్ వెనకాల ద్రవం చేరిందని చీము అనుమానం రాయడం మామూలే, ఆయన్ని తప్పుపట్టడానికి లేదు. మీరు చెప్పారా?

అలాగని అంతా క్షేమం అనట్లేదు. జెల్ చుట్టూ నిజంగానే చీము పట్టిన కేసులూ ఉన్నాయి. ఆ రెండిటినీ సీటీ ఒక్కదాన్ని పట్టుకుని విడదీయడం కష్టం. ఎంఆర్‌ఐ కావాలి. అందులో టీ2 అనే రకం బొమ్మల్లో జెల్ తెల్లగా మెరుస్తుంది, రెక్టమ్ గోడ నల్లటి గీతలా వేరుగా కనిపిస్తుంది, జెల్ గోడ బయటే ఉందా గోడలోకి చొచ్చుకెళ్లిందా అన్నది తేలిపోతుంది. మీకు వచ్చిన లక్షణాల్లో ఒత్తిడి, ఊరికే మోషన్ వచ్చినట్టుండడం జెల్‌కి మామూలే. రేడియేషన్ మొదలవకుండానే జిగురుతో రక్తం పడ్డం మాత్రం మామూలే అని కొట్టేసే విషయం కాదు. పైల్సే కావచ్చు. సూది గుచ్చినప్పటి గీత కావచ్చు. లేదా జెల్ గోడలోకి వెళ్లి అక్కడ పుండు పడుతూ ఉండొచ్చు. ఈ చివరిది ఉందో లేదో చూడకుండా రేడియేషన్ మొదలెట్టకూడదు, ఆ గోడకి అప్పటికే రక్తం సరిగ్గా అందట్లేదు, దానిమీద డోసు పడితే పుండు రంధ్రం అవ్వొచ్చు.

సోమవారం దాకా ఆగొచ్చా అంటే, జ్వరం, చలి, నొప్పి రోజురోజుకీ పెరగడం, చీము పడడం, మూత్రం ఆగిపోవడం, మూత్రంలో గాలి బుడగలు గాని మలం గాని రావడం, మూత్రం వెనకదారిన రావడం, కాలు వాయడం, ఉన్నట్టుండి ఆయాసం, రక్తం గడ్డలుగా పడడం - వీటిలో ఏది వచ్చినా ఆగకండి, రాత్రయినా సరే తిన్నగా విశాఖ కేజువాలిటీకి వెళ్లిపోండి. ఇవేవీ లేకపోతే కూడా రేపు పొద్దున్నే ఆస్పత్రికి ఫోన్ చేసి సిస్టర్ గారితో కాదు, డ్యూటీలో ఉన్న రేడియేషన్ ఆంకాలజిస్టు ఎవరో వాళ్లతో మాట్లాడాలని పట్టుబట్టండి. మీ డాక్టరు సెలవులో ఉన్నా ఆయన బదులు చూసే వాళ్లు ఒకరు ఉంటారు.


పేట కుర్రోడు

చాలా థాంక్స్ సార్. స్కాన్ దగ్గర జెల్ గురించి ఎవరమూ చెప్పలేదు, బావకి అసలు ఆ జెల్ సంగతే తెలీదు, కేన్సరుకి ఏదో ఇంజెక్షన్ చేసారు అని చెప్పాడంట. డిశ్చార్జి కాగితంలో కూడా జెల్ పేరు ఒక లైనులో ఇరుకునుంది, నేనే రెండోసారి చదివితే దొరికింది. వెనక్కి తీసీడానికి అవుద్దా అన్నది చెప్పలేదు మీరు.


లైనాక్ బాబు

రకాన్ని బట్టి. పాలీఇథిలీన్ గ్లైకాల్ జెల్‌ని కరిగించే మందు లేదు, గట్టిపడ్డాక లాగితే రాదు, దానంతట అది కరగాలి. చీము పట్టి ఆపరేషన్ దాకా వెళ్తే ఆ చుట్టుపక్కల కడిగి తీస్తారు గానీ అది వేరే సంగతి. హయలురోనిక్ ఆసిడ్‌తో చేసిన రకం ఒకటి ఉంది, బారిజెల్ అని, 2022లో అమెరికాలో అనుమతొచ్చింది, అది తప్పుచోట పడితే హయలురోనిడేజ్ అనే ఎంజైమ్ ఇంజెక్షన్‌తో కరిగించే వీలుంది. గాలిబుడగలాంటి బెలూన్ రకం ఇంకోటి. మీ నాన్నకి ఏది వేసారో ప్యాకెట్ స్టిక్కరు కేసు షీటులో అంటించి ఉంటుంది, ఫొటో తీసి పంపమని అడగండి. మీరు అడిగితే ఇవ్వాలి.


బొబ్బిలి ఆడపడుచు

బాబూ, నేను ఇది రాయాలా వద్దా అని ఆలోచించాను, భయపెట్టినట్టు అవుతుందేమో అని. కానీ ముక్క తీస్తాం అన్నారని చదివాక రాయకుండా ఉండలేకపోయాను.

మా నాన్నగారికి ఇదే జరిగింది. ఊరు పేరు, ఆస్పత్రి పేరు రాయను. జెల్ పెట్టిన తర్వాత జిగురు, రక్తం, కూర్చోలేనంత నొప్పి. మేము చెప్తే పైల్స్ అన్నారు. తర్వాత ఎంఆర్‌ఐ తీస్తే జెల్లో కొంత భాగం పేగు గోడలోకి వెళ్లింది, సిగ్మాయిడోస్కోపీలో (గొట్టంతో పేగు కింది భాగం చూడ్డం) ముందు గోడమీద రూపాయి బిళ్లంత పుండు. అది చూసిన గ్యాస్ట్రో డాక్టరు గారు చాలా మంచాయన, గొట్టం లోపల పెట్టినాయన నాతో అన్నారు, నేను చూస్తాను గాని ముట్టుకోను అమ్మా, ఇక్కడ ముక్క తీస్తే మానని రంధ్రం అవుద్ది, ఆ రంధ్రం మూత్రనాళంతో కలిసిందంటే పొట్టమీద మలానికి సంచి తగిలించాల్సొస్తుంది అని. కేన్సరు పేగులోకి పాకిందేమో చూద్దాం అని ఎవరైనా అంటారు, వాళ్లకి జెల్ గురించి చెప్పండి అని కూడా ఆయనే చెప్పారు.

రేడియేషన్ వాయిదా వేశారు. అప్పుడు మా అమ్మ గోల పెట్టింది, కేన్సరు ఊరుకుంటాదా అని. హార్మోన్ ఇంజెక్షన్ నడుస్తూ ఉంది కాబట్టి కొన్ని నెలలు ఆగినా పర్వాలేదు అని చెప్పి ఒప్పించారు. యాంటీబయాటిక్స్ ఇచ్చారు, మోషన్ మెత్తగా ఉండేట్టు పొడి ఇచ్చారు, ఎనిమా వద్దన్నారు, సపోజిటరీ వద్దన్నారు, చివరికి జ్వరం చూడ్డానికి కూడా థర్మామీటరు నోట్లోనే. మూడు నెలల తర్వాత మళ్లీ గొట్టం పెట్టి చూస్తే పుండు మానింది. ఆ తర్వాతే రేడియేషన్ ఇచ్చారు. ఇప్పుడు బాగున్నారు, మొన్న సిరిమానోత్సవానికి విజయనగరం కూడా వెళ్లొచ్చారు ఆ జనంలో.

నాకున్న కోపం ఒక్కటే. సంతకం పెట్టించుకున్న కాగితంలో ఈ పుండు, ఈ రంధ్రం అన్నీ అచ్చేసి ఉన్నాయి, కానీ ఎవరూ నోటితో చెప్పలేదు. చాలా సేఫ్ అమ్మా, రేడియేషన్ సైడ్ ఎఫెక్ట్స్ రాకుండా పెడుతున్నాం అన్నారంతే.


చీపురుపల్లి మాస్టారు (రిటైర్డు)

నాదీ ప్రోస్టేటే. రేడియేషన్ అయి కొన్నేళ్లయింది. నాకు జెల్ గిల్ ఏమీ పెట్టలేదు. రోజూ పొద్దున్న పేగు ఖాళీ చేసుకుని, నీళ్లు తాగి మూత్రాశయం నింపుకుని రమ్మనేవారు, బల్లమీద పడుకోబెట్టి ముందు స్కాన్ చూసుకుని ఒక అర సెంటీమీటరు అటు ఇటు జరిపి అప్పుడు కొట్టేవారు. మూడో వారంలో కొంచెం జిగురు, రోజుకి నాలుగైదుసార్లు దొడ్డికి వెళ్లడం, అయిపోయాక నెలకి సర్దుకుంది. ఏడాది దాటాక అప్పుడప్పుడు రక్తం చుక్క, దానికి సుక్రాల్ఫేట్ అని పుండ్లు మాన్పే మందుతో ఎనిమా ఇచ్చారు, పోయింది. ఇంతోటి దానికి సూదులు, పుండ్లు, లక్షల బిల్లులు ఎందుకండీ? ఆరోగ్యశ్రీలో (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు) రేడియేషన్‌కి ప్యాకేజీ ఉంది, ఈ జెల్ దాంట్లో వస్తుందో చేతినుంచి కట్టాలో ఆస్పత్రిలో ఆ పథకం డెస్కులో ఉండేవాళ్లని అడిగి కాగితం మీద రాయించుకోకుండా ఎవరూ ఒప్పుకోవద్దని నా సలహా. ఏది కొత్తగా వస్తే అది మనకి అంటగట్టడమే అని నా అభిప్రాయం, ఫిజిసిస్టు గారికి కోపం రావొచ్చు.


లైనాక్ బాబు

కోపమేం లేదు మాస్టారూ, మీరన్న దాంట్లో సగం నేనూ ఒప్పుకుంటా. అంకెలు చూడండి. జెల్‌కి అనుమతి తెచ్చిన ట్రయల్లో 222 మంది, ముగ్గురిలో ఇద్దరికి జెల్ పెట్టారు, ఒకరికి పెట్టలేదు, 44 సిట్టింగుల్లో 79.2 గ్రే (రేడియేషన్ డోసు కొలత) ఇచ్చారు. మొదటి మూడు నెలల్లో పేగు ఇబ్బందుల్లో రెండు గుంపులకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. తేడా తర్వాత వచ్చింది. మూడేళ్లకి మందు వాడాల్సినంత పేగు ఇబ్బంది, అంటే రెండో గ్రేడు ఆపైన, జెల్ లేనివాళ్లలో నూటికి 5.7, ఉన్నవాళ్లలో సున్నా. కాబట్టి పనిచెయ్యదని అనలేం. కానీ తిప్పి చదివితే జెల్ లేకపోయినా నూటికి 94 మందికి పైగా ఆ స్థాయి ఇబ్బంది లేకుండానే ఉన్నారు, మీలాగ. రోజువారీ స్కాన్ చూసి ఇచ్చే పద్ధతి వచ్చాక రెక్టమ్ ఇబ్బందులు అసలే తగ్గిపోయాయి.

నాకు జెల్ మంచిదనిపించే చోట్లు ఉన్నాయి. కొద్ది సిట్టింగుల్లో పెద్ద పెద్ద డోసులు వేసేటప్పుడు, ప్లాన్ గీస్తే రెక్టమ్‌కి పరిమితి దాటిపోతున్నప్పుడు, పేగుకి అప్పటికే వేరే జబ్బు ఉన్నప్పుడు. 20 సిట్టింగులకి కూడా పైన చెప్పిన హయలురోనిక్ రకంతో ట్రయల్ జరిగింది, 2023లో అచ్చయింది, అక్కడ మూడు నెలల్లోనే తేడా కనపడింది, ఆ స్థాయి పేగు ఇబ్బంది జెల్ లేనివాళ్లలో 13.8 శాతం, ఉన్నవాళ్లలో 2.9. వద్దనే చోట్లూ ఉన్నాయి. కేన్సరు వెనక వైపు పొర దాటి బయటికొచ్చిందంటే ఆ మధ్యలో జెల్ పెట్టడం అంటే కేన్సరు కణాల్నే రేడియేషన్ నుంచి దూరంగా నెట్టడం. రక్తం పలచబడే మందులు ఆపడానికి వీల్లేని వాళ్లు, అక్కడ ఇన్ఫెక్షన్ ఉన్నవాళ్లు, వీళ్లకీ ఆలోచించాలి.

ఇక ప్రమాదం ఎంత అంటే, ఆ ట్రయల్లో పెట్టినవాళ్ల ఎంఆర్‌ఐలు తర్వాత తీసి చూస్తే నూటికి 6 మందిలో జెల్ ఎంతో కొంత గోడలోకి వెళ్లింది, చాలామందిలో కొద్దిగానే, దానివల్ల వాళ్లకి ఎక్కువ ఇబ్బందేమీ రాలేదు. ఆడపడుచు గారి నాన్నగారిలాంటివి, ఇంకా చీముగడ్డలు, ఫిస్టులాలు (పేగుకీ మూత్రదారికీ మధ్య రంధ్రం పడి కలిసిపోవడం), సంచి పెట్టాల్సి రావడాలు మందులకీ పరికరాలకీ అనుమతిచ్చే అమెరికా ఎఫ్‌డీఏ వాళ్ల ఫిర్యాదుల డేటాబేసులో ఉన్నాయి. అందులో ఎవరికి తోస్తే వాళ్లు రాస్తారు, మొత్తం ఎంతమందికి పెట్టారన్నది ఉండదు, కాబట్టి నూటికెంత అని దాన్నుంచి లెక్క కట్టకూడదు. అరుదు, కానీ వస్తే చిన్నది కాదు. పెట్టే చెయ్యి మీద కూడా చాలా ఉంటుంది. ఆ జెల్ పది సెకన్లలో గట్టిపడేది, సూది మొన రెండు మిల్లీమీటర్లు వెనక్కుందంటే దిద్దుకునే టైము లేదు. మీరు ఎన్ని పెట్టారు డాక్టరు గారూ అని అడగడం మర్యాద తక్కువేం కాదు. మనవాళ్లు పెళ్లి వంటవాడిని నలభై ప్రశ్నలడుగుతారు, ఇక్కడ మాత్రం నోరు విప్పరు.

తమ్ముడూ, కొలనోస్కోపీ ఏమైంది?


పేట కుర్రోడు

అప్‌డేట్. సర్జన్ గారికి జెల్ సంగతి, డిశ్చార్జి కాగితం చూపించాం. ఆయన మంచిగానే తీసుకున్నారు, అదేటి ముందు చెప్పొద్దా అని బావని కేకలేసి వాళ్లే విశాఖకి ఫోన్ చేసారు. డ్యూటీ డాక్టరమ్మ వెంటనే రమ్మంది. ఎంఆర్‌ఐ తీసారు. చీము కాదంట, జెల్లే అంట!! రక్తపరీక్షలో ఇన్ఫెక్షన్ అంకెలు కూడా పెరగలేదు. కాకపోతే ఎడం పక్కన ఒకచోట జెల్ రెక్టమ్ గోడలోకి కొద్దిగా వెళ్లినట్టుంది అన్నారు. గొట్టం పెట్టి చూసారు, ముక్క తీయలేదు, నేను ముందే రెండుసార్లు చెప్పాను, డాక్టరమ్మ నవ్వి మాకూ తెల్సు బాబూ అంది. అక్కడ ఎర్రగా ఉంది గాని పుండు పళ్లేదంట. రక్తం పైల్స్‌దే కావొచ్చు అంటున్నారు. రేడియేషన్ ప్లాన్ గీయడానికి వచ్చే వారం తీయాల్సిన ప్లానింగ్ సీటీ ఆపీసారు, కొన్ని వారాలాగి మళ్లీ చూసి అప్పుడు మొదలెడతాం అన్నారు. హార్మోన్ ఇంజెక్షన్ నడుస్తోంది కదా తొందర లేదు అన్నారు, ఆడపడుచు అక్క చెప్పిందే.

ఇసబ్‌గోల్ ఇచ్చారు. నాన్న అది తాగనంటున్నాడు జిగురుగా ఉందని, చోడి అంబలి మాత్రం రెండు గ్లాసులు తాగుతున్నాడు. అది చాల్దా? ఇంకోటి, గుండెకి పాత స్టెంటు ఉంది ఆయనకి, ఆస్ప్రిన్ జెల్ కోసం ఆపించారు, మళ్లీ మొదలెట్టాలా?


బొబ్బిలి ఆడపడుచు

హమ్మయ్య. అమ్మగారికి చెప్పండి ముందు, అన్నం తినమని. ఇసబ్‌గోల్ మజ్జిగలో కలిపి కలిపిన వెంటనే తాగించండి, ఆలస్యమైతే జిగురైపోతుంది, మా నాన్నా అలాగే పేచీ పెట్టేవారు. తాగాక పైన ఇంకో గ్లాసు నీళ్లు తప్పనిసరి, లేకపోతే అది ఇంకా గట్టిపడుతుంది. అంబలి మంచిదే గాని దానికి బదులు కాదు.


లైనాక్ బాబు

ఆస్ప్రిన్ సంగతి ఇక్కడ ఎవరు చెప్పినా వినకండి, నేను చెప్పినా సరే. స్టెంటు ఉంది అంటున్నారు, రక్తమూ పడింది, కాబట్టి గుండె డాక్టరు, ఆ డాక్టరమ్మ ఇద్దరూ మాట్లాడుకుని తేల్చాలి, ఇవ్వాళే ఫోన్ చేసి అడగండి, వారం ఆగే ప్రశ్న కాదు అది.

ఎంఆర్‌ఐ సీడీ తీసుకున్నారా? రిపోర్టు కాగితం ఒక్కటీ చాలదు, ప్లానింగ్ అప్పుడు ఆ బొమ్మల్ని సీటీ మీద పెట్టి చూసుకోవాలి, మామూలు జెల్ సీటీలో సరిగా గీత దొరకదు. అలాగే ఫైలు అట్ట మీద పెద్దక్షరాలతో రాసి పెట్టండి: ఫలానా తారీకున ప్రోస్టేట్ వెనక జెల్ పెట్టారు, మలద్వారంలోంచి ఏదైనా చేసే ముందు రేడియేషన్ డాక్టర్ని అడగాలి అని. రేడియేషన్ అయిపోయాక కూడా ఆ అట్ట పారెయ్యొద్దు. రెండేళ్ల తర్వాత రక్తం పడిందని ఎవరో కొలనోస్కోపీ చేసి ముందు గోడమీద ముక్క తీసే ప్రమాదం అప్పుడూ ఉంటుంది, జెల్ కరిగిపోయినా ఆ గోడ రేడియేషన్ తిన్న గోడే.


పేట కుర్రోడు

సీడీ బావ దగ్గరుంది సార్. అట్ట మీద రాసీసాను, ఆర్‌ఎంపీ గారికి కూడా చూపించాను. ఆస్ప్రిన్‌కి ఫోన్ చేస్తున్నాను ఇప్పుడే.


చీపురుపల్లి మాస్టారు (రిటైర్డు)

బిల్లు ఎంతయిందో అది కూడా రాయి బాబూ, అడిగేవాళ్లు చాలామంది ఉన్నారు ఇక్కడ.